ఆమీన్ వెనకాల మాట

జిలానీకి ఆమీన్‌లతో పెద్ద చిక్కు వచ్చిపడింది.

పెన్నేటి ఒడ్డున ఒక చిన్న ఊళ్లో షా సాయిబు అనే సూఫీ గురువు ఖాన్‌కా ఉంది. ఖాన్‌కా అంటే భవంతి ఏమీ కాదు. నాపరాళ్లు పరిచిన సావిడి, ముందొక వసారా, వెనక వంటిల్లు. గురువారం సాయంత్రం ఆయన శిష్యులంతా అక్కడ చేరతారు. సాయిబులూ వస్తారు, రెడ్లూ వస్తారు, మగ్గాల వాళ్లూ వస్తారు. షా సాయిబు చేతులెత్తి దువా చేస్తారు. అందరూ ఆమీన్ అంటారు.

ఆ ఖాన్‌కాలో ఒక అలవాటుంది. ఆమీన్ అన్నాక ఎవరూ వెంటనే చేతులు దించరు. దాని వెనకాలే తమ సొంత మాట ఒకటి గొంతులో చెప్పుకుంటారు. ముందు ఇంకొకరి కష్టానికి ఆమీన్ అనాలి, ఆ తర్వాతే మన కష్టం. పాత పీరుగారి కాలం నుంచి వస్తున్న మర్యాద ఇది. తన గోడు ముందు పెట్టుకునేవాడిని అక్కడ పక్కవాడి విస్తరి లాక్కునేవాడి కింద జమకడతారు.

అందరూ చేతులు దించేశాక కూడా షా సాయిబు చేతులు కాసేపు పైనే ఉంటాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. వయసు మీద పడింది గదా, మోచేతులు పట్టేసి ఉంటాయిలే అని జిలానీ అనుకునేవాడు.

జిలానీ ఆ ఊరి జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాడు. చిన్నప్పటి నుంచీ ఖాన్‌కాలోనే తిరిగాడు. కువైట్‌కీ బెంగళూరుకీ పొట్ట చేతపట్టుకుని వెళ్లిన శిష్యులు గురువారం రాలేకపోతున్నారని, వాళ్ల కోసం ఒక మెయిలింగ్ లిస్టు పెట్టింది అతనే. ఒక్క చిరునామాకు రాస్తే చాలు, లిస్టులో ఉన్న అందరికీ మెయిల్ చేరుతుంది. వాట్సాప్ పెడదామంటే షా సాయిబే వద్దన్నారు. అక్కడ ఒకరి మాట ఆరకముందే ఇంకొకరి మాట వచ్చి పడుతుందని ఆయన అభ్యంతరం.

ఎవరికో కష్టం వస్తుంది, లిస్టుకు రాస్తారు. అందరూ చదువుతారు. అంతవరకు బాగానే ఉంది. చదివినవాళ్లు ఊరుకుంటారా? కష్టం విని ఆమీన్ అనకపోవడం తప్పు కదా. "ఆమీన్" అని తిరుగు మెయిల్ కొడతారు. అదీ అందరికీ పోతుంది. ఇంకొకరు కొడతారు. అదీ పోతుంది. ఒక మోకాలి నొప్పికి ఊరంత ఆమీన్‌లు.

కువైట్‌లో కారు నడిపే మహబూబ్ పీరా వాపోయాడు. "జిలానీ భాయ్, ఫోను ఒకటే మోత. మా యజమాని నాకేదో రోగమొచ్చిందనుకుంటున్నాడు." కొందరు లిస్టు నుంచి తీసేయమని అడిగారు. చివరికి ఆ మెయిళ్లు మోసే కంపెనీవాళ్లు, ఎవరో చెత్త పంపుతున్నారని అనుమానపడి లిస్టును ఒక పూటంతా ఆపేశారు. ఆ పూట జిలానీకి అన్నం సయించలేదు.

మర్నాడే ఖాన్‌కాకు పరిగెత్తాడు. షా సాయిబు సావిట్లో కూర్చుని అగరుబత్తీల బూడిద ఎత్తుతున్నారు.

"కట్టడి చెయ్యాల హజ్రత్. లేకుంటే లిస్టు నిలవదు."

"ఏం కట్టడి?"

"తిరుగు మెయిల్లో మొదటి వరసలో ఆమీన్ ఉంటే చాలు, మిషనే పట్టుకుని తీసేస్తాది. ఎవురికీ పోదు. మనం చూడాల్సిన పని గూడా ల్యా."

"తీసేసిన ఆమీన్‌లు యాడికి పోతాయి?"

"యాడికీ పోవు హజ్రత్. తీసేస్తే అంతే."

"ఊఁ" అన్నారు షా సాయిబు. బూడిద ఒక కాగితంలో పొట్లం కట్టి పక్కన పెట్టుకున్నారు.

జిలానీ ఆ ఊఁను సరేనన్నట్టు తీసుకున్నాడు. మనకు కావలసింది వినడంలో అందరం ఘనులమే.

కట్టడి బ్రహ్మాండంగా పనిచేసింది. లిస్టు ప్రశాంతమైపోయింది. పీరా కువైట్ నుంచి ఫోన్ చేసి "బతికించినావు భాయ్" అన్నాడు. ఆ మాట జిలానీకి బాగా రుచించింది. ఇంకో నాలుగు కట్టళ్లు పెట్టాడు. పెద్ద ఫొటోలు రాకూడదు. లిస్టులో లేని చిరునామా నుంచి రాకూడదు. వాటి పాస్‌వర్డు తన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. కాలేజీలో ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతూ కూడా మధ్యలో ఒకసారి లిస్టు తెరిచి, ఏమీ రాలేదని చూసుకుని సంతోషపడేవాడు.

అలా ఉండగా ఒక బుధవారం మధ్యాహ్నం పీరా మళ్లీ ఫోన్ చేశాడు.

"నాగసుబ్బమ్మక్క కూతురికి రక్తం దొరికిందా భాయ్?"

"ఏం రక్తం?"

"అదేంది? లిస్టుకు రాసిందే. నువ్వు సూళ్లేదా? మొన్న మావాడి పరీచ్చ గురించి నేను రాస్తిని గదా. దానికే జవాబు రాసింది. నాకు నేరుగా గూడా ఒకటి వచ్చింది. డ్యూటీలో ఉండి ఇప్పుడే సదివినా. మనోళ్లంతా చూసుంటార్లే అనుకుంటి."

నాగసుబ్బమ్మ మగ్గం నేసే మనిషి. భర్త పోయాడు, ఒక్కతే కూతురు, గంగాదేవి. గురువారం తప్పకుండా ఖాన్‌కాకు వచ్చి వసారాలో చెప్పుల పక్కన కూర్చుంటుంది. లోపలికి రమ్మన్నా రాదు, గాలి ఆడదంటుంది.

పీరా ఆ మెయిల్‌ను జిలానీకి పంపాడు. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుని కొట్టినట్టుంది.

"ఆమీన్. పీరా, నీ కొడుకు బాగా పాసవ్వాల. ఇంగ నా మాట. మా గంగమ్మను కాన్పుకు పెద్దాసుపత్రిలో చేర్చినాం. రక్తం శానా పోయింది. బి నెగిటివ్ అంట, యాడా ల్యాదంటాండారు. ఆ రక్తం ఉన్నోళ్లు ఎవురన్నా ఉంటే రాండి నాయనా. మీ కాళ్లు మొక్కుతా."

సోమవారం రాసింది.

జిలానీ ఆ మొదటి మాటనే చూస్తూ నిలబడ్డాడు. కూతురు చావు బతుకుల్లో ఉన్నా, ముందు పీరా కొడుక్కి ఆమీన్ అని, ఆ తర్వాతే తన మాట ఎత్తుకుంది. మర్యాద తప్పలేదు. మిషనుకు ఈ మర్యాదలేం తెలుసు? తెలిసినవాడు జిలానీయే. మాటలు రాని వయసు నుంచీ ఆ సావిట్లో కూర్చున్నవాడు, కట్టడి రాసేటప్పుడు మాత్రం మర్చిపోయాడు.

ఆమె నంబరుకు ఫోన్ చేశాడు. స్విచాఫ్. లిస్టులో ఆ రకం రక్తం ఉన్నవాళ్లు ఉన్నారని అతనికి తెలుసు, ఇంతకుముందు ఒకసారి ఇచ్చి వచ్చారు కూడా. లిస్టు చిరునామా నుంచే అందరికీ రాశాడు. "నాగసుబ్బమ్మ కూతురికి బి నెగిటివ్ రక్తం కావాలి, వెంటనే చెప్పండి." రాసి స్క్రీన్ ముందు కూర్చున్నాడు.

ఎవరూ పలకలేదు. నిమిషాలు గడిచాయి. ఒక్క జవాబు రాలేదు. ఇంతమందిమి ఉండి ఇంతేనా మన బతుకు, అని అతనికి కోపం కూడా వచ్చింది. అప్పుడు ఫోన్ మోగింది. ఎరువుల కొట్టు చెన్నారెడ్డి.

"ఏం జిలానీ, ఉలకవూ పలకవూ? ఆమీన్ కొట్టి, నా రక్తం అదే, యాడికి రావాలని రాస్తిని గదా. చూడలేదా?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. కట్టడి ఇంకా పనిచేస్తూనే ఉంది. జిలానీ దాన్ని పీకి పారేసి, అందరినీ మళ్లీ రాయమన్నాడు. అనేసరికి బిలబిలమంటూ జవాబులు వచ్చాయి. బెంగళూరు నుంచి ఒకరు బస్సెక్కుతానన్నారు. పక్క ఊరి నుంచి ఒకాయన బండి తీశానన్నాడు. వీళ్లంతా సోమవారం కూడా ఉన్నారు. అక్కడే ఉన్నారు.

చెన్నారెడ్డి మోటారు సైకిలు మీద ఇద్దరూ పెద్దాసుపత్రికి వెళ్లారు. గంగాదేవికిచ్చిన మంచం మీద వేరే ఆమె ఉంది. "ఆ అమ్మాయిని తిరుపతికి పంపమని రాసినారు. నిన్న అంబులెన్సులో తీసకపోయినారు" అంది నర్సు. తిరుపతిలో ఏ ఆసుపత్రో ఆమెకు తెలియదు. బతికే ఉందా అని అడగడానికి జిలానీకి నోరు రాలేదు. చెన్నారెడ్డి అడిగాడు. "పోయేటప్పుడైతే ఉండాది" అంది ఆమె.

ఆ రాత్రీ, మర్నాడు పగలూ జిలానీ ఆ నంబరుకు చేస్తూనే ఉన్నాడు. స్విచాఫ్. తెలిసినవాళ్లతో తిరుపతి ఆసుపత్రుల్లో వాకబు చేయించాడు. ఎక్కడా తేలలేదు.  ఫోన్ మోగితే చావు కబురు వినాలేమోనని భయం. మోగకపోతే అది ఇంకో భయం.

గురువారం సాయంత్రం ఖాన్‌కాకు వెళ్లి షా సాయిబు ముందు కూలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. ఏడుపు ఆగలేదు.

"లిస్టు మూసేస్తా హజ్రత్. నా వల్ల కాదు. నేను చేసిన పనికి ఒక బిడ్డ..."

"ఎలకలున్నాయని ఇల్లు తగలబెడతావా?"

"మరి నన్నన్నా తీసేయండి. ఇంకెవురికన్నా అప్పగించండి."

షా సాయిబు అతని ముఖంలోకి చూశారు. తిట్టలేదు, ఓదార్చలేదు.

"జనం వచ్చే యాళయింది. సాపలు పరువు."

జిలానీ చాపలు పరిచాడు. జనం వచ్చారు, సావిడి నిండింది. వసారాలో చెప్పుల పక్కన నాగసుబ్బమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. జిలానీ అటు చూడకూడదనుకుంటూనే చూశాడు.

షా సాయిబు చేతులు ఎత్తబోయి ఆగారు.

"ఇవాళ ఆమీన్‌లు వద్దు" అన్నారు.

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"గోల ఎక్కువయిందంట. దువా నేను చేస్తా, మీరు వింటే సాలు. ఎవురూ నోరు తెరవగాకండి."

ఆయన జిలానీ వైపు చూడలేదు. చేతులెత్తారు. ఆయన దువా ఎప్పుడూ చిన్నదే. పేర్లు చెబుతారు, అంతే. పీరా కొడుకు పేరు చెప్పారు. మోకాలి నొప్పి ఆయన పేరు చెప్పారు. చివర "మా నాగసుబ్బమ్మ కూతురు గంగాదేవి" అన్నారు. "యాడుందో నీకు తెలుసు. కాపాడు" అన్నారు.

ఆగారు.

ఎవరూ ఏమీ అనలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ సావిట్లో జిలానీ అలాంటి నిశ్శబ్దం వినలేదు. అతని గొంతులో ఆమీన్ వచ్చి నిలబడింది. బతుకులో ఎన్ని వేల ఆమీన్‌లు అన్నాడో, అన్నీ అలవాటుగా అన్నవే. ఇది అలాంటిది కాదు. దీని వెనక ఎంతో ఉంది. అది బయటికి రావాలి. రావడానికి వీల్లేదు. పెదవులు బిగబట్టాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

"ఆమీన్!"

వసారాలోంచి వచ్చింది, పెద్ద కేక. బోర్లకు నీళ్లు పడే చోటు చూపించే దస్తగిరి తాత. ఆయనకు చెముడు. షా సాయిబు వద్దన్నది ఆయన చెవిన పడలేదు. లోపల చేతులు లేచి ఉండడం చూశాడు, మర్యాద ప్రకారం ఆమీన్ అన్నాడు. దాని వెనకాల తన సొంత మాట, గుసగుస అనుకుంటూ ఊరంతా వినబడేలా చెప్పుకున్నాడు.

"యా అల్లా, ఈ ఎండల్లో మా సుబ్బరాయుడి బోరు ఎండగొట్టొద్దు. వాడు అప్పు చేసి ఏసినాడు. నేను సూపిచ్చిన సోటే అది. నా మాట పోగొట్టొద్దు సామీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. షా సాయిబు నవ్వలేదు. చేతులు దించలేదు. తాత చెప్పుకోవడం పూర్తయి, అరచేతులతో ముఖం తుడుచుకునేదాకా, మెడ వసారా వైపు కాస్త వంచి వింటూ ఉన్నారు. అప్పుడు దించారు.

జిలానీ ఆయన మోచేతుల వైపు చూశాడు. వాటికేమీ జబ్బు లేదు.

అప్పుడే అతని జేబులో ఫోన్ మోగింది. దువాలో ఫోన్ మోగడం అపచారం. ఆపుదామని తీస్తే, నాగసుబ్బమ్మ పేరు కనబడింది. తెరను షా సాయిబు వైపు తిప్పాడు.

"ఎత్తు. అందరికీ వినబడేటట్టు పెట్టు" అన్నారు షా సాయిబు.

"జిలానీ నాయనా, అన్నిసార్లు చేసినావంటనే? ఫోనుకు చార్జింగు ల్యాకపాయ. వైరు యాడో పడిపాయ. ఇప్పుడే ఎవురో మారాజు ఇచ్చినాడు."

"అమ్మా, గంగమ్మ..." అని ఆగిపోయాడు.

"బతికింది నాయనా, బతికింది. ఈడ రక్తం ఇచ్చినారు. పొద్దున కండ్లు తెరిచింది. నాకు తెలుసు. నా జాబు చూసి మనోళ్లందరూ ఆమీన్ అనుంటారు. ఆ పుణ్యమే ఇది. అందరికీ చెప్పు, నేను మొక్కినానని."

సావిట్లో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. జిలానీ వదలలేకపోయాడు. ఊరుకుంటే సరిపోయేది. ఆమె సంతోషంగా ఉంది. జరిగింది ఆమెకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అతను షా సాయిబు వైపు చూశాడు. ఆయన నేల మీది చాపను చూస్తున్నారు.

"లేదమ్మా" అన్నాడు జిలానీ. "నీ జాబు ఎవురికీ చేరలేదు. ఆమీన్‌తో మొదలైనవి తీసేయమని మిషనుకు నేనే చెప్పినా. నీది గూడా పోయింది. ఎవురూ ఆమీన్ అనలేదు."

 ఫోన్లో, ఆసుపత్రిలో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలవడం వినబడింది.

"అట్లనా" అంది నాగసుబ్బమ్మ.

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్న చప్పుడైంది.

"అయితే ఇప్పుడనండి నాయనా. ఆడబిడ్డ పుట్టింది. గుప్పెడంత ఉండాది. అద్దాల పెట్టెలో పెట్టినారు. ఇంగా ఏం సెప్పలేమంటాండారు."

షా సాయిబు చేతులెత్తారు. ఈసారి ఏమీ చెప్పలేదు. జిలానీ వైపు తిరిగి ఊరుకున్నారు.

ఆమీన్ అన్నాడు జిలానీ.  వెనకాల సావిడంతా అంది. వసారాలో దస్తగిరి తాత, మళ్లీ ఎందుకంటున్నారో తెలియకపోయినా, అందరికంటే గట్టిగా అన్నాడు. ఫోన్లో నాగసుబ్బమ్మ కూడా అంది.

తర్వాతి గురువారం జిలానీ తొందరగా వచ్చి చాపలు పరుస్తుంటే షా సాయిబు అడిగారు.

"కట్టడి తీసేసినావా?"

"లేదు హజ్రత్, మార్చినా. ఒట్టి ఆమీన్ అయితే, ఎవురి కష్టానికి అన్నారో వాళ్లకు మాత్రమే పోతాది. దాని వెనక ఒక్క మాట ఉన్నా మిషను ఆపి పెడతాది, తీసెయ్యదు. 'నీ జాబు ఆగింది, చూస్తాం' అని, రాసినోళ్లకు అప్పుడే కబురు పోతాది. మరీ తొందరయితే చెయ్యమని ఫోను నంబరు గూడా పెట్టినా."

"ఆగినవి ఎవురు చూస్తారు?"

"నేను."

 షా సాయిబు చాప అంచు మడత పడి ఉంటే సరిచేశారు.

"నేనూ, మా కాలేజీ రజియా టీచరమ్మా, పీరా" అన్నాడు జిలానీ. "పాస్‌వర్డు ముగ్గురికీ ఇచ్చినా. నేను నిద్రపోయే యాళకు పీరా మేలుకోని ఉంటాడు."

"ఊఁ" అన్నారు షా సాయిబు.

ఈసారి ఆ ఊఁకు అర్థం ఏమిటని జిలానీ ఆలోచించలేదు. అతని మనసు ఫోన్ మీద ఉంది. పాప ఇంకా అద్దాల పెట్టెలోనే ఉంది. పాలు కొంచెం తాగుతోందని, అయినా డాక్టర్లు ఏ మాటా చెప్పడం లేదని నాగసుబ్బమ్మ ఆ మధ్యాహ్నమే లిస్టుకు రాసింది. ఆ మెయిల్‌ను కూడా ఆమీన్‌తోనే మొదలుపెట్టింది.

జనం వచ్చారు. దువా అయింది. ఆమీన్ అన్నారు, ఎవరి మాట వాళ్లు చెప్పుకున్నారు, ఒక్కొక్కరే చేతులు దించి, లేచి, చెప్పుల కోసం వసారాలోకి కదిలారు. మూలన ఎవరో కొత్త మనిషి, తలకు కండువా చుట్టుకున్నాయన, కళ్లు మూసుకుని ఇంకా ఏదో చెప్పుకుంటూనే ఉన్నాడు.

షా సాయిబు చేతులు పైనే ఉన్నాయి. జిలానీ కూడా దించలేదు.